ఆరాయత్త మిగుల్చుకున్న మాట

జడ్జి "పోవచ్చు" అన్నాక కూడా మా ఆరాయత్త సాక్షి బోనులోంచి దిగలేదు. రెండు చేతులతో కొయ్య కమ్మీ పట్టుకుని ఆయన మొహంకేసే చూస్తూ నిలబడింది. బంట్రోతు రెండుసార్లు చెయ్యి ఊపాడు. మూడోసారి "ఏమ్మా, చెవుడా?" అని గదిమాడు. అప్పుడు దిగింది. దిగేటప్పుడు మెట్టు తప్పి తూలితే నేను లేచి పట్టుకున్నాను. ఆమె అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది.

ఆమె దేనికోసం నిలబడిందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. కేసు నడిచిన ఎనిమిది నెలలూ ఆమెతో ఒకే గదిలో పడుకుని లేచిన నాకూ తెలియదు.

ఆరాయత్త మా నాన్నకు అక్క. అమ్మా నాన్నా పోయాక మా అన్న ఇరుళప్పన్‌నూ నన్నూ ఆమే పెంచింది. మాది తమిళనాట సింగానల్లూరులో, మిల్లు గోడ వెనక తెలుగువాళ్ళుండే కూలి ఇళ్ళ లైను. ఆమె ఆ మిల్లులోనే దూది మూటలు పేర్చే బేళ్ళ గోడౌనులో రాలిన దూది ఊడ్చేది. నోటికి గుడ్డ కట్టుకుని, పొద్దున నల్ల జుట్టుతో పోయి సాయంత్రం తెల్ల జుట్టుతో వచ్చేది. పగలంతా గుడ్డ వెనక ఉండడం వల్లనో ఏమో, గుడ్డ విప్పాక కూడా ఆమెకు మాటలు తక్కువ. నన్ను ఏడో క్లాసులో బడి మాన్పించిన రోజు కూడా ఒక్క మాటే అంది. "ఇంట్లో పొయ్యి దగ్గర మనిషి కావాల."

అలాంటి మనిషి మాటకు మా లైనులో ఉన్న విలువ ఇంకెవరి మాటకూ లేదు. దానికి కారణం కూటం.

ఆదివారం పొద్దున కొళాయి పక్కన కూటం జరుగుతుంది. ఊరి పెద్ద మునిసామి తాత స్టూలు మీద కూర్చుంటాడు. తగాదాపడ్డవాళ్ళు ఎదురెదురుగా నిలబడతారు. ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి. అడగవలసినవన్నీ తాతే అడుగుతాడు. ఆఖరున పళ్ళెంలో ఒక తమలపాకు పెట్టి ఆడవాళ్ళవైపు పంపిస్తాడు. ఆ సంగతిని కళ్ళారా చూసిన మనిషి ఆ ఆకు చేతిలోకి తీసుకోవాలి. అప్పుడు తాత, "ఇంకేమైనా మిగిలిందా?" అంటాడు. అసలు మాట చెప్పవలసింది అప్పుడే. అంతవరకూ అది ఎవరి దగ్గరా ఎత్తకూడదు, ఇంట్లోవాళ్ళ దగ్గర కూడా. ఎత్తితే అది ఎంగిలి మాట. కూటం తీసుకోదు.

ఒకసారి మేకపిల్ల ఒకదాని కోసం కాళియమ్మాళ్‌కూ పక్క లైనువాళ్ళకూ సగం రోజు అరుపులు. ఆకు అత్త దగ్గరికి వచ్చింది.

"దాని ఎడమ చెవి ముల్లు గీరి చిరిగితే నేనే కుట్టినా. కుట్టు ఉందో లేదో చూడండి. దారం ఇచ్చింది కాళియమ్మాళ్" అంది అత్త.

చూశారు. కుట్టు ఉంది. మేకపిల్ల కాళియమ్మాళ్ ఇంటికి పోయింది. ఆ తర్వాత ఏడాదిపాటు కాళియమ్మాళ్ అత్తను "నా తల్లీ" అని తప్ప పిలవలేదు.

ఏబై ఎనిమిదో సంవత్సరం ఆడిమాసంలో, అంటే ఆషాఢం రోజుల్లో, మా ఇంటి మీదికి వచ్చింది వేరే సంగతి. గోడౌనులో మేస్త్రీ అప్పసామి తల పగిలి పడి ఉన్నాడు. పక్కన మా అన్న గడ్డపార పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పొద్దునే ఇద్దరికీ మాటామాటా వచ్చింది. "నీ తల పగలగొడతా" అని అన్న అరిచింది పదిమంది విన్నారు. రెండు రోజులకు ఆసుపత్రిలో తెలివి వచ్చిన అప్పసామి, తనను కొట్టింది ఇరుళప్పనే అన్నాడు. పోలీసులు అన్నను పట్టుకుపోయారు.

మిల్లులో మనుషుల్ని కేకేసి పిలిచింది అత్తే. అందుకని పోలీసులు ఆమెను సాక్షిగా రాసుకున్నారు. ఇనస్పెక్టరు మా గడప దగ్గర నిలబడి అడిగింది నేను విన్నాను.

"గడ్డపార ఎవరి చేతిలో ఉంది?"

"ఇరుళప్పన్ చేతిలో."

"రక్తం చూసినావా?"

"చూసినా."

"చాలు."

ఆమె నోరు తెరిచే ఉంది. ఆయన పుస్తకం మూసేశాడు.

నేను జైలుకు పోయి అన్నను చూశాను. కమ్మీల అవతల ఏడుస్తూ చెప్పాడు. "నేను కొట్టలేదు పొన్నూ. పైనుంచి బేలు జారి ఆయన మీద పడింది. కాలు దాని కింద ఇరుక్కుంది. గడ్డపారతో ఎత్తి తోసినా. అంతలో అందరూ వచ్చేసినారు. బేలు పడింది చూసినోళ్ళు ఎవరూ లేరు."

ఇంటికి రాగానే అత్తతో చెప్పబోయాను.

"అత్తా, అన్న ఏం చెప్తాడంటే..."

"నా దగ్గర ఆ మాట ఎత్తొద్దు."

"వాడు నీ చేతుల్లో పెరిగినోడు అత్తా!"

"నేను సాక్షిని. నోరు మూసుకో."

ఆ రాత్రి నుంచి ఆమె పక్కన కూర్చుంటే నాకు అన్నం దిగలేదు. పెంచిన మనిషి ఇట్లా కూడా మారిపోతుందా అనుకున్నాను. ఆమె మాత్రం ఎప్పటిలాగే పొద్దున పోతుంది, సాయంత్రం తెల్ల జుట్టుతో వస్తుంది, గుడ్డ విప్పి ఉతుక్కుంటుంది.

మా లైనులోనే ఉండే యేసుదాస్ మామ ఆర్.ఎస్. పురంలో రామచంద్రన్ అనే వకీలు దగ్గర గుమాస్తా. ఆయనే అన్నకు ఆ వకీలును పెట్టించాడు. నాకు కేసు నడిచే తీరు చెప్పింది కూడా ఆయనే.

"మనం ఏమీ రుజువు చెయ్యక్కరలేదు పిల్లా. కొట్టినాడని సర్కారు వకీలే రుజువు చెయ్యాల. ఆ రుజువులో బొక్క పెట్టేదే మన పని."

"మరి బేలు పడిన సంగతి?"

"దాన్ని ఎత్తకూడదు. ఎత్తితే గడ్డపార చేతిలో ఉండిందని మనమే ఒప్పుకున్నట్టు. బేలుకు సాక్షి ఎవరు? ఒకడూ లేడు. బేలు పడిందంటే మిల్లు మీద అప్పసామి నష్టానికి దావా వెయ్యొచ్చు, అది సివిల్. అక్కడ తక్కెడ ఏ పక్కకు కొంచెం వంగినా చాలు. ఇది క్రిమినల్. ఇక్కడ అనుమానం లేకుండా రుజువు కావాల. అనుమానం ఒక్కటి పుట్టిస్తే మీ అన్న ఇంటికొస్తాడు."

"మా అత్త ఒకసారి వకీలయ్యను చూసి..."

"అయ్యో, వద్దు! ఆమె పోలీసు సాక్షి. మా ఆఫీసు గడప తొక్కిందంటే సాక్షిని తిప్పేసినారంటారు. ఆ పక్కకే రావద్దను."

ఆ మాట అత్తకు చెబితే తల ఊపింది. అది న్యాయమే అన్నట్టు ఊపింది. కూటం కట్టుబాటు లాగే ఉంది కదా అనుకుందని నాకు అప్పుడు తట్టలేదు.

సాక్ష్యం రోజున ఉతికిన చీర కట్టుకుంది. బోనెక్కి ప్రమాణం చేసింది. నిజం చెబుతాను, అంతా చెబుతాను, నిజం తప్ప వేరే చెప్పను అని బంట్రోతు చెప్పినట్టే చెప్పింది. 'అంతా' అన్నప్పుడు గొంతు కొంచెం పెంచింది.

సర్కారు వకీలు లేచి, పోలీసులు అడిగిన రెండు ప్రశ్నలే అడిగాడు. గడ్డపార, రక్తం. కూర్చున్నాడు. తర్వాత మా వకీలు లేచాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆయన మావాడు కదా. అత్తను మెల్లగా అడుగుతాడు, అత్త చెబుతుంది అనుకున్నాను.

"రోజూ దూదిపొడి నీ కళ్ళలో పడుతుందా?"

"ఆమాంగ సామీ, పడుతుంది."

"కళ్ళు నీళ్ళు కారతాయా?"

"కారతాయి."

"మిల్లు డాక్టరు దగ్గర కంటికి మందు వేయించుకున్నావు."

"ఏయించుకున్నా."

"గోడౌనులో దీపం ఎన్ని?"

"ఒకటి. ఆ పొద్దు వెలగలే. వాకిలి తెరిచి ఉండె..."

"అడిగిందానికి మాత్రం చెప్పు. దీపం లేని గోడౌనులో, నీళ్ళు కారే కళ్ళతో నువ్వు చూశావు. అంతేనా?"

అత్త జడ్జివైపు చూసింది. ఆయన రాసుకుంటున్నాడు.

"నీకు ఈ ముద్దాయి తల్లితో పడేది కాదు. కొళాయి దగ్గర జుట్లు పట్టుకున్నారు."

"అది ఆమె పెండ్లయి వచ్చిన కొత్తలో సామీ! ఆమె చచ్చి పదేండ్లాయె!"

గదిలో ఎవరో నవ్వారు.

"ఆ పగ ఈ పిల్లాడి మీద తీర్చుకుంటున్నావు. నువ్వు ఏమీ చూడలేదు. పోలీసులు చెప్పమన్నది చెబుతున్నావు. నువ్వు అబద్ధం చెబుతున్నావంటాను."

కూటంలో ఎంత పగవాడైనా అత్తను ఆ మాట అనలేదు. అన్నది మేము పెట్టుకున్న వకీలు. కొళాయి గొడవ ఆయనకు చెప్పింది ఎవరు? యేసుదాస్ మామ తల దించుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు. ముద్దాయి బోనులో మా అన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అత్త, "చూసినా సామీ" అని మాత్రం అంది. మా వకీలు కూర్చున్నాడు. సర్కారు వకీలు ఇంకేమీ లేదన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆమె చెప్పిందంతా ఇంగ్లీషులో రాసుకున్న కాగితం తమిళంలో చదివి వినిపించి వేలిముద్ర వేయించుకున్నారు. "పోవచ్చు" అన్నాడు జడ్జి. అత్త నిలబడింది.

వరండాలోకి తెచ్చి కూర్చోబెట్టాక నన్ను అడిగింది.

"జడ్జి దొర మళ్ళీ ఎప్పుడు పిలుస్తాడు?"

"పిలవడు అత్తా. అయిపోయింది."

"అదెట్ల అవుతుంది? మిగిలింది ఏదని అడగలేదే? అంతా చెప్తానని పెమాణం చేసినానే! ఆ అంతా ఎప్పుడు అడుగుతారు?"

"ఏం మిగిలింది అత్తా?"

ఆమె నా మొహంలోకి చూసింది. చెబితే మాట ఎంగిలవుతుందని ఆమె బాధ. చెప్పకపోతే ఇంక ఎక్కడా చెప్పే చోటు లేదని అప్పుడప్పుడే అర్థమవుతోంది.

"బేలు పడింది పొన్నూ. నేను బేళ్ళ దొంతి వెనకాల ఊడ్చుకుంటా ఉండా. మూడో వరస బేలు జారి మేస్త్రీ మీద పడి కాలు ఇరికింది. మనోడు గడ్డపారతో ఎత్తినాడు. నేను చూసి మనుషుల్ని పిలిచేదానికి పరిగెత్తినా. మనోడు నన్ను చూడలే. మేము తిరిగొచ్చేలోపల బేలును తోసేసి నిలబడి ఉండె."

ఎనిమిది నెలలు. మా అన్న జైల్లో ఉన్నాడు, అతన్ని విడిపించే మాట మా ఇంట్లోనే చాప మీద నా పక్కన పడుకుని ఉంది. నేను ఆమె పక్కన కూర్చుని అన్నం కూడా తినలేకపోయాను.

నేను అంతవరకు పరాయి మగవాడితో పది మాటలు కలిపి మాట్లాడి ఎరగను. లేచి వరండా చివరికి నడిచాను. అక్కడ మా వకీలూ సర్కారు వకీలూ ఒకే బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. గంట కింద ఒకరికి ఎదురు ఒకరు నిలబడ్డవాళ్ళు. సర్కారు వకీలు ఏదో అన్నాడు, మా వకీలు తొడ చరుచుకుని నవ్వాడు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మా అన్న బతుకు ఇద్దరు స్నేహితుల ఆటా అనిపించింది. సర్కారు వకీలు లేచి పోయేదాకా స్తంభం వెనక నిలబడి, అప్పుడు పోయి చెప్పాను.

రామచంద్రన్ వకీలుది కూడా తెలుగు ఇల్లే. అయినా మాతో ఎప్పుడూ తమిళమే మాట్లాడేవాడు. ఆ రోజు గ్లాసు పక్కన పెట్టి తెలుగులో అడిగాడు.

"ఇది పొద్దునే ఎందుకు చెప్పలేదమ్మా ఆమె?"

"జడ్జి అడుగుతాడని కాచుకునింది అయ్యా. మా కూటంలో పెద్దే అడుగుతాడు."

"ఇక్కడ జడ్జి అడగడు. సర్కారు వకీలు ఒక పక్కకు లాగుతాడు, నేను ఒక పక్కకు లాగుతాను. జడ్జి చూస్తాడు."

"మరి నిజం?"

"లాగడంలో బయటపడాల."

"పడకపోతే?"

ఆయన చెయ్యి నుదుటి మీద పెట్టుకున్నాడు.

"పొద్దున గంటసేపు ఆమెకు కళ్ళు కనబడవని నేనే చెప్పినాను. ఇప్పుడు అదే కళ్ళను నమ్మండని నేనే అడగాల. అర్థమైందా నీకు?"

అర్థమైంది. ఇప్పుడు బేలు సంగతి ఎత్తకూడదని యేసుదాస్ మామ గొణిగాడు. అప్పసామి మాట ఒక్కదానితోనే శిక్ష పడొచ్చు, ఇది నమ్మకపోయినా కొత్తగా పోయేదేమీ లేదు అంటూ వకీలు లేచాడు. సాక్షిని మళ్ళీ పిలవమని అర్జీ రాసి ఇచ్చాడు. సర్కారు వకీలు కూడదని గట్టిగా వాదించాడు. జడ్జి ఒప్పుకున్నాడు.

వారం తర్వాత అత్త మళ్ళీ బోనెక్కింది. ఈసారి అడిగారు. ఆమె అంతా చెప్పింది. బేలు, వరస, ఇరికిన కాలు, గడ్డపార, ఒక్కటీ మిగల్చకుండా. చెప్పేటప్పుడు ఆమె మొహం కూటంలో ఆకు పట్టుకున్నప్పటిలాగే ఉంది. నేను జడ్జినే చూశాను. ఆయన తల ఎత్తి విన్నాడు కూడా.

సర్కారు వకీలు లేచాడు. ఆయన చేతిలో ఉన్నది మా వకీలు మొదటి రోజు అడిగిన ప్రశ్నల కాగితమే.

"నీ కళ్ళు నీళ్ళు కారతాయన్నావు."

"ఆమాంగ."

"దీపం లేదన్నావు. బేలు ఏ వరసదో కూడా కనిపించిందా?"

"వాకిలి తెరిచి ఉండె సామీ."

"ఎనిమిది నెలలు పోలీసులకు చెప్పలేదు. మొదటి రోజు కోర్టుకు చెప్పలేదు. వారంలో గుర్తొచ్చిందా?"

"గుర్తు ఎప్పుడూ ఉంది. మీరు అడగలే."

"ఇంట్లో ఎవరు నేర్పించారు?"

"ఇంట్లో చెప్తే ఎంగిలి సామీ! మొదట బోనెక్కేదాకా ఇంట్లో ఒక్కరికీ చెప్పలే!"

ఆ మాటకు గదంతా నవ్వింది. సర్కారు వకీలు కూడా నవ్వి కూర్చున్నాడు. అత్తకు ఎందుకు నవ్వారో తెలియలేదు. ఒక్కొక్క మొహమే చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

పదిహేను రోజులకు తీర్పు. ఇంగ్లీషులో చదివారు. ఆఖరున కోర్టు గుమాస్తా మా అన్నవైపు తిరిగి "విడుదల" అన్నాడు. అన్న బోనులోనే కూలబడ్డాడు. నేను ఏడ్చాను. అత్త రెండు చేతులూ ఎత్తి జడ్జికి దండం పెట్టింది. అప్పటికే ఆయన లేచి లోపలికి పోతున్నాడు.

తీర్పు నకలు వచ్చిన రోజు, అన్న అన్నం తింటుండగా యేసుదాస్ మామ మా ఇంటికి తెచ్చాడు.

"దొర నా మాట నమ్మినాడని రాసినాడా?" అంది అత్త.

"గెలిచినాం కదా అక్కా! ఇంకేం కావాల?"

"చదువు యేసుదాసూ."

ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన ఇంగ్లీషు చూస్తూ మా మాటల్లో చెప్పాడు.

"ఈ సాక్షి మొదట ఒకటి చెప్పింది, తర్వాత ఒకటి చెప్పింది. ఈమె మాట ఏ పక్షానికీ నమ్మదగింది కాదు. ఈమెను తీసేస్తే సర్కారుకు మిగిలేది అప్పసామి ఒక్కడి మాట. అతని చీలమండ నలిగి ఉందని డాక్టరు రాశాడు. తల మీద కొడితే కాలు ఎందుకు నలిగిందో సర్కారు చెప్పలేకపోయింది. అందుకని అనుమానాన్ని ముద్దాయికి మేలుగా తీసుకుంటున్నాం."

కాలు నలిగింది ఎందుకో ఆ గదిలో చెప్పింది అత్త ఒక్కతే. ఆమెను నమ్మలేదు. నమ్మకుండానే, ఆమె చెప్పిందానితో అన్నను వదిలారు. నేను ఎంత ఆలోచించినా ఇది నా తలలో ఇప్పటికీ కుదురుకోలేదు.

అన్న ముద్ద పళ్ళెంలో వదిలేశాడు.

"పోనీలే అత్తా. నేను ఇంటికి వచ్చినాను కదా."

"నువ్వు వచ్చినావురా" అంది అత్త. నోటి గుడ్డ తీసుకుని ఉతకడానికి కొళాయి దగ్గరికి పోయింది. అది ఉతికి ఆరేసినదే.

నెల తర్వాత కూటం. కాళియమ్మాళ్ తన ఇంటి మురికి నీళ్ళు పక్కింటి పొయ్యిలోకి పారేలా రాయి జరిపిందని తగాదా. ఆ రాయిని ఎవరు జరిపారో చూసింది ఆరాయత్త. ఆకు ఆమె దగ్గరికి వచ్చింది. మునిసామి తాత ఎప్పటిలాగే అడిగాడు.

"ఆరాయీ, ఇంకేమైనా మిగిలిందా?"

అత్త ఆకు తీసుకుని లేచింది.

"ముందు ఒకటి చెప్పి పెడతా తాతా. కోర్టులో నా మాట నమ్మదగింది కాదని రాసినారు. అది తెలిసే అడుగు."

కొళాయి కింద బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ జరపలేదు. తాత ఏదో అనబోయాడు. అంతలో కాళియమ్మాళ్ లేచింది.

"విన్నారు కదా! సర్కారే రాసినంక ఈమె మాట కూటం ఎట్ల తీసుకుంటుంది? ఈ పొద్దు ఒకటి చెప్తుంది, రేపు ఒకటి చెప్తుంది!"

ఎవరైనా గద్దిస్తారని చూశాను. మేకపిల్ల చెవి అందరికీ గుర్తుంది. అన్న అడుగు ముందుకు వేశాడు, కానీ అతను విడుదలైంది కూడా ఆ రాతతోనే. ఏం చెబుతాడు? తాత నేల చూశాడు. వెనక నుంచి ఒకడు, "కాళియమ్మాళ్ చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది తాతా" అన్నాడు.

అత్త ఆకును పళ్ళెంలో పెట్టి, కొంగు సర్దుకుని ఇంటికి నడిచింది.

రాయి గురించి ఏం తీర్పు చెప్పారో నేను వినలేదు. ఆమె వెనకే పోయాను. మధ్యాహ్నం నీళ్ళకు వచ్చినప్పుడు స్టూలు లేదు, మనుషులు లేరు. పళ్ళెం మాత్రం గట్టు మీదే ఉంది. ఆకు ఎండకు వాడి, అంచులు లోపలికి ముడుచుకుపోయింది.